షాపు నంబరు పద్నాలుగులో ఇద్దరు హైమావతులు

కొత్తరేవు పన్నుల సౌలభ్య కేంద్రానికి బదిలీ మీద వచ్చిన వడ్లమూడి త్రివిక్రమరావుగారికి ఆత్మగౌరవమంటే ప్రాణం. తన ఆత్మగౌరవం సంగతి చూసుకోగా మిగిలిన తీరికలో జనం ఆత్మగౌరవాన్ని కూడా ఆయనే చూసేవారు. సొంత రెక్కల మీద బతికే మనిషి తన రిటర్ను మాత్రం ఆడిటరు చేత రాయించుకోవడం ఏం మర్యాదని ఒకనాడు భోజనమయ్యాక ఆయనకు అనిపించింది. సాయంత్రం టీ వేళకు ఉత్తర్వు తయారైంది.

ఉత్తర్వు పేరు 'స్వహస్త పక్షం'. జూలై పదిహేను నుంచి ముప్పై ఒకటి దాకా, స్వయం ఉపాధి పొందుతున్న యావన్మందీ తమ రిటర్నును తమ చేతులతో తామే దాఖలు చేయాలి. పక్షమంటే పదిహేను రోజులే కదా, ఇవి పదిహేడున్నాయేమని ఒక గుమస్తా సందేహపడితే, ఆత్మగౌరవానికి రెండు రోజులు అదనంగా పడతాయని అధికారిగారు సెలవిచ్చారు. ఆ పదిహేడు రోజులూ ఆడిటర్లు నోటితో గానీ, కాగితంతో గానీ, కనుసైగతో గానీ ఎవరికీ సలహా ఇవ్వరాదు. సొంతంగా దాఖలు చేసుకున్నవారికి 'స్వయంభూ పన్నుదారు' అని ప్రశంసాపత్రం ఇస్తారు. అంతవరకు శివలింగాలకే పరిమితమైన ఆ హోదా దోసెల బండివాళ్లకూ ట్యూషన్ మాస్టర్లకూ కూడా దక్కే రోజు వచ్చింది.

ఊరికి ఉన్న ఒక్క ఆడిటరు పానకాలు చేత హామీపత్రం రాయించుకున్నారు. పాపం ఆయన ఆ సంతకానికి కట్టుబడి, పక్షమంతా టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, ఎవరు ఏమడిగినా వాతావరణం గురించే మాట్లాడేవాడు.

"బాబాయ్, ఈ రిటర్ను సంగతి ఎట్టా?" అని టైలరు హైమావతి కూడా వెళ్లి అడిగింది.

"గాలి పడమర నుంచి వీస్తందమ్మాయ్," అన్నాడు పానకాలు గ్లాసులోకి చూస్తూ. "ఇంతకు మించి ఏం చెప్పినా నా లైసెన్సు పోద్ది."

హైమావతికి రిటర్ను సరదాకి అక్కర్లేదు. మార్కెట్టు కాంప్లెక్సులో షాపు నంబరు పద్నాలుగు ఆమెది. పదిహేడేళ్లుగా అందులో జాకెట్లు కుడుతోంది. ఈ ఏడాది నుంచి ముప్పై ఒకటో తేదీ సాయంత్రంలోగా రిటర్ను రసీదు చూపించనివారి షాపులు వేలానికి పోతాయని కాంప్లెక్సు గోడకు కాగితం అంటించారు. పక్క షాపులో సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాడు అప్పుడే రెండుసార్లు వచ్చి, ఆమె గోడకు ఎన్ని అద్దాల బీరువాలు పడతాయో జానలు వేసుకుని చూసి వెళ్లాడు. షాపు పోతే మిషను ఇంట్లో వేసుకుందామా అంటే వాళ్లకున్నది ఒకటే గది. ఆ గదిలో ఇప్పటికే ఒక మంచం, ఒక బీరువా, మగ్గం మానేసి వాచ్‌మన్ పని చేస్తున్న భర్త సుబ్బారాయుడు ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వెళ్లింది. హాల్లో వరసగా కంప్యూటర్లు, వాటి వెనక గోడకు 'సహాయ కేంద్రం' అన్న బోర్డు, దాని కింద 'ఇక్కడ సహాయం అడుగరాదు' అన్న ఇంకో బోర్డు ఉన్నాయి. త్రివిక్రమరావుగారు మధ్యలో నిలబడి ప్రసంగిస్తున్నారు.

"సోదరీ సోదరులారా, మీకు సహాయం చేయకుండా ఉండడమే ఈ కేంద్రం మీకు చేయుచున్న మహత్తర సహాయం. ఈ పక్షంలో మా సిబ్బందిలో ఏ ఒక్కరైనా, ఏ ఒక్కరికైనా ఉపయోగపడినట్టు నా దృష్టికి వచ్చినచో శాఖాపరమైన చర్య తీసుకోబడును."

సిబ్బందికి ఆ క్రమశిక్షణ పాత అలవాటే కాబట్టి ఎవరూ బాధపడలేదు.

హైమావతి ఒక కంప్యూటరు ముందు కూర్చుని ఒంటి వేలితో మొదలుపెట్టింది. నాలుగు గడులు సాఫీగా నిండాయి. అయిదో గడిలో 'ఉపాధి కల్పించినవారి పేరు' అని ఉంది. ఆరో గడిలో 'ఉపాధి పొందినవారి పేరు' అని ఉంది. స్వయం ఉపాధి వాళ్లకు ఈ రెండు గడులెందుకని అడగడానికి వీల్లేదు, అడిగినా చెప్పడానికి వీల్లేదు.

ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. టేపు పెట్టి కొలతలు తీసుకోవడం హైమావతికి నచ్చదు. టేపు మనిషి చుట్టుకొలత చెబుతుంది గానీ ఆ మనిషికి ఎక్కడ వదులుంటే హాయిగా ఉంటుందో చెప్పదని ఆమె వాదన. అందుకని ఎవరొచ్చినా "ఆది జాకెట్టు ఇచ్చిపోండి" అంటుంది. సరిగ్గా పట్టే పాత జాకెట్టును కొత్త గుడ్డ మీద పరిచి, దాని అంచుల వెంట గీసి, ఆ గీత మీదే కత్తెర వేస్తుంది. పదిహేడేళ్లలో ఒక్క జాకెట్టూ బిగుతై తిరిగి రాలేదు. ఫారం కూడా అంతే కదా, దేనికి దాని ఆది చూసుకుంటే సరిపోతుందనుకుంది.

ఉపాధి కల్పించింది ఎవరు? షాపు కేటాయింపు కాగితం తీసి చూసింది. పెళ్లికి ముందు తీసుకున్న పాన్ కార్డు చూపించి షాపు తీసుకుంది కాబట్టి అందులో పుట్టింటి ఇంటిపేరే ఉంది. బిట్రా హైమావతి. అదే దించింది. ఉపాధి పొందింది ఎవరు? కుట్టుకూలి పడేది బ్యాంకులో కాబట్టి బ్యాంకు పుస్తకం తీసింది. అందులో అత్తింటి ఇంటిపేరు ఉంది. జంజనం హైమావతి. అక్షరం పొల్లుపోకుండా దాన్నీ దించింది. కంప్యూటరు సంతోషంగా పచ్చటి టిక్కు పెట్టింది.

ఆ పక్షంలో ఎవరి సాయం లేకుండా దాఖలు చేసిన మొట్టమొదటి మనిషి ఆమే. త్రివిక్రమరావుగారు శాలువా కప్పి, స్వయంభూ పత్రం చేతిలో పెట్టి ఫొటో దిగారు. రసీదు మాత్రం పరిశీలన తర్వాత వస్తుందన్నారు.

నాలుగో రోజు రసీదుకు బదులు రెండు నోటీసులొచ్చాయి. మొదటిది బిట్రా హైమావతికి. 'తమ వద్ద పని చేయుచున్న సదరు జంజనం హైమావతి అను కార్మికురాలికి నియామక పత్రము, వారపు సెలవు, జ్వరపు సెలవు వగైరాలు ఇచ్చినట్లు దాఖలాలు లేనందున, తమపై చర్య ఏల తీసుకొనరాదో తెలియజేయవలెను.' రెండోది జంజనం హైమావతికి. 'తమ యజమానురాలి వలన తమకు ప్రాణభయం ఉన్నచో గోప్యంగా తెలియజేయవలెను.' రెండింటికీ పోస్ట్‌మన్ విడివిడిగా సంతకాలు చేయించుకున్నాడు.

హైమావతి రెండు కాగితాలూ పట్టుకుని అధికారి గదికి పరుగెత్తింది.

"మీరు ఏ హైమావతి?" అన్నారు త్రివిక్రమరావుగారు.

"ఇద్దరు లేరు సార్. నేనొక్కదాన్నే."

"కంప్యూటరు ఇద్దరని చెబుతోంది. మీరు ఒక్కరని చెబుతున్నారు. అబద్ధం చెప్పవలసిన అవసరం కంప్యూటరుకు ఏముందో సెలవియ్యండి."

ఆమె పాన్ కార్డు, బ్యాంకు పుస్తకం బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఆయన రెండు ఫొటోలనూ పరీక్షగా చూశారు.

"ఈమెకు రెండు జడలు. ఈమెకు కళ్లజోడు. పోలికలైతే ఉన్నాయి. దగ్గర బంధువులా?"

"పెళ్లయినాక ఇంటిపేరు మారింది సార్. మీ ఇంట్లో అమ్మగారికి మారలా?"

"మా ఇంటి విషయాలు ఫైలులో లేవమ్మా. ఫైలులో ఉన్నది ఒక యజమానురాలు, ఒక కార్మికురాలు. నమోదైన పేరు సవరించాలంటే ఉభయుల సమ్మతి ఉండాలి. ఇద్దరూ వేర్వేరుగా వచ్చి సంతకాలు చేయాలి."

"రెండు సంతకాలూ నేనే పెడతా సార్."

"ఒకరి సంతకం ఇంకొకరు పెడితే దానిని ఫోర్జరీ అంటారు," అన్నారాయన జాలిగా. "మీరు మంచివారిలా ఉన్నారు. అటువంటి పనులు చేయకండి."

హైమావతికి తల ప్రాణం తోకకొచ్చింది. కాంప్లెక్సుకు తిరిగి వస్తూ టీ కొట్టు దగ్గర ఆగి పానకాలు వైపు చూసింది. ఆయన గ్లాసు కింద పెట్టి, "తుపాను హెచ్చరిక ఎత్తాల్సిందేనమ్మాయ్," అని లేచి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు షాపుకు తనిఖీ వచ్చింది. వచ్చినావిడ పేరు మందాకిని, కార్మిక సంక్షేమ అధికారిణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి, అందుకని తన ఉద్యోగాన్ని నిజంగానే నమ్మేది. గుమ్మంలో నిలబడి ముందు కుర్చీలు లెక్కపెట్టింది. ఒకటే ఉంది.

"యజమానురాలు ఎక్కడ కూర్చుంటారు?"

"ఇందులోనేనండి."

"మరి కార్మికురాలు?"

"ఆమె కూడా ఇందులోనే."

మందాకిని 'ఆసన వసతి లేదు' అని రాసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "యజమానురాలు ఎదురుగా ఉంటే కార్మికులు భయపడి నిజం చెప్పరు. వారు కాసేపు బయటికి వెళితే నేను ఆమెతో మాట్లాడతాను," అంది.

హైమావతి లేచి బయటికి వెళ్లింది. పక్క షాపువాడు వింతగా చూస్తున్నాడు. ఒక నిమిషం ఆగి మళ్లీ లోపలికి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

"భయపడకమ్మా," అంది మందాకిని. "వారానికి సెలవు ఇస్తుందా?"

"లేదండి."

"ఆదివారం కూడానా?"

"ఆదివారమేగదండీ అందరూ గుడ్డలు తీసుకుని వచ్చేది."

"జ్వరం వస్తే?"

"మాత్రేసుకుని కుడతా."

"ఇంట్లో ఏదైనా కష్టం జరిగితే?"

హైమావతి బల్ల మీద ఉన్న హుక్కుల డబ్బా మూత తీసి మళ్లీ పెట్టింది.

"మా నాన్న పోయిన మూడో రోజున ఒకళ్ల పెళ్లి జాకెట్లు ఇవ్వాల్సి ఉండాయండి. వచ్చి కుట్టా."

"ఎవరు రమ్మన్నారు?"

"ఇంకెవరండీ. యజమానురాలే."

తమాషాకే అన్నది. కానీ మాట పూర్తయ్యేసరికి కొంగు కళ్లకు అద్దుకోవాల్సి వచ్చింది. మందాకిని కలం పక్కన పెట్టి మంచినీళ్ల సీసా అందించింది. పదిహేడేళ్లలో ఈ ప్రశ్నలు ఆమెను ఎవరూ అడగలేదు, మొగుడు అడగలేదు, తనను తాను కూడా అడగలేదు. ఆ రెండు జడల బిట్రా హైమావతి మీద ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. ఇంత రాతిగుండె దానితో ఇన్నాళ్లు ఎట్లా వేగానా అనుకుంది.

మందాకిని నివేదిక ఏడు పేజీలు వచ్చింది. 'యజమానురాలు తనిఖీ సమయంలో బయటికి వెళ్లి తిరిగి రాలేదు' అన్న వాక్యం కింద ఆమె గీత కూడా గీసింది.

ఇంటి దగ్గర సుబ్బారాయుడి గొడవ వేరు. నోటీసులు రెండూ చదివించుకుని ముఖం మాడ్చుకున్నాడు.

"అంతా బానే ఉంది గానీ హైమా, యజమానికి మీ నాన్న ఇంటిపేరు పెట్టి పనిమనిషికి మా ఇంటిపేరు పెడతావా? జంజనం వాళ్లలో ఒకళ్ల కింద పనిచేసినోళ్లు ఎవురన్నా ఉన్నారా?" అన్నాడు, వాచ్‌మన్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"షాపు పొయ్యేట్టుందయ్యా నాయనా అంటంటే ఇంటిపేరంటావేంది?"

"షాపు పోతే పోద్ది. పరువు పోకూడదు," అని టార్చిలైటు తీసుకుని డ్యూటీకి వెళ్లాడు.

ముప్పై ఒకటో తేదీ పొద్దున పదకొండు గంటలకు ఉభయ పక్షాల విచారణ పెట్టారు. త్రివిక్రమరావుగారి గదిలో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసి, ఒకదాని మీద 'యజమానురాలు' అనీ, రెండోదాని మీద 'కార్మికురాలు' అనీ చీటీలు అంటించారు. పక్కన మందాకిని తన ఏడు పేజీలతో కూర్చుంది. షాపు విషయంలో కేంద్రం ఏం తేలిస్తే అదే తమకు సమ్మతమని మునిసిపాలిటీ వాళ్లు ముందే రాసి పంపి చేతులు దులుపుకున్నారు.

హైమావతి రెండు కుర్చీలకూ మధ్య నిలబడింది. ఎందులో కూర్చోవాలో ఆమెకు తోచలేదు. ముందు రోజంతా మిషను తొక్కి నడుము పట్టేసి ఉంది. కాళ్లు వాటంతట అవే కార్మికురాలి కుర్చీ వైపు వెళ్లాయి.

"కార్మికురాలు హాజరు," అని రాయించారు త్రివిక్రమరావుగారు. ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసి మూడుసార్లు పిలిచారు. "బిట్రా హైమావతి. బిట్రా హైమావతి. బిట్రా హైమావతి."

"ఉన్నా సార్," అని హైమావతి లేవబోయింది.

"మీరు కూర్చోండమ్మా. ఇంకా ఆమెను వెనకేసుకొస్తున్నారా?" అంది మందాకిని బాధగా.

అరగంట ఎదురుచూసి, యజమానురాలు ధిక్కార ధోరణితో గైర్హాజరైనట్లు తేల్చారు. పన్నెండున్నరకు ఉత్తర్వు వెలువడింది. త్రివిక్రమరావుగారే లేచి నిలబడి గంభీరంగా చదివారు.

"సదరు బిట్రా హైమావతి తన కార్మికురాలిని పదిహేడు సంవత్సరములుగా పీడించినట్లు రుజువైనందున షాపు నంబరు పద్నాలుగు ఆమె పేరిట రద్దు చేయడమైనది."

హైమావతి కిటికీలోంచి చూస్తే సెల్‌ఫోన్ కవర్లవాడు వరండాలో నిలబడి ఉన్నాడు.

"సదరు బిట్రా హైమావతి ఇకపై ఆ షాపు గుమ్మం తొక్కరాదు. మరియు, పీడితురాలైన జంజనం హైమావతికి మానవతా దృక్పథంతో సదరు షాపు అప్పగించి, నా స్వహస్తములతో ఆమెకు ఉపాధి కల్పించడమైనది. ఇట్లు, వడ్లమూడి త్రివిక్రమరావు, సౌలభ్య అధికారి."

షాపు దక్కిందని అర్థం కావడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక సంతోషంతో పాటు ఎక్కడో చివుక్కుమంది. పంతొమ్మిదేళ్ల వయసులో అప్పు చేసి మిషను కొన్నదీ, మార్కెట్లో ఆడమనిషికి షాపేమిటన్న వాళ్లందరి నోళ్లూ మూయించిందీ ఆ బిట్రా పిల్లే. దాన్ని గుమ్మం తొక్కొద్దంటున్నారు. ఎంత రాతిగుండెదైనా అంత పని చేయనక్కర్లేదనిపించింది.

కానీ బాధపడే తీరిక లేదు. షాపు కొత్త మనిషికి వచ్చింది కాబట్టి కొత్త రిటర్ను కావాలి, అది కూడా అయిదు గంటల్లోపు. హైమావతి మళ్లీ హాల్లోకి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. తన ఉత్తర్వుకు ఫలితం కళ్లారా చూద్దామని త్రివిక్రమరావుగారు వచ్చి వెనక నిలబడ్డారు.

మళ్లీ అయిదో గడి వచ్చింది. ఉపాధి కల్పించినవారి పేరు. బిట్రా హైమావతి అని రాస్తే నేరం. జంజనం హైమావతి అని రాద్దామా అంటే, ఆరో గడిలో ఉపాధి పొందేది ఆమే.

"సార్, ఇక్కడ ఎవరి పేరు రాయమంటారు?"

"స్వహస్తం, స్వబుద్ధి," అన్నారాయన చిరునవ్వుతో. "మేము చెప్పరాదు."

హైమావతి తల ఊపింది. అప్పుడే వచ్చిన ఉత్తర్వును బల్ల మీద పరిచి, మడతలు అరచేత్తో సాపు చేసింది. 'ఉపాధి కల్పించడమైనది' అన్న చోట వేలు పెట్టి, దాని కింద ఉన్న పేరును ఇంటిపేరుతో సహా అక్షరం పొల్లుపోకుండా దించింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ముందుకు వంగేలోపు పచ్చటి టిక్కు పడింది. పరిశీలన పొద్దున విచారణలోనే అయిపోయింది కాబట్టి ఈసారి రసీదు కూడా వెంటనే బయటికి వచ్చింది.

ఆమె అమాయకంగా చేసిందా, కావాలని చేసిందా అన్న దాని మీద కొత్తరేవులో ఇప్పటికీ రెండు వర్గాలున్నాయి. ఆది ఎట్లా ఉంటే అట్లా కత్తిరించానని ఆమె మాట.

నాలుగో రోజున త్రివిక్రమరావుగారికి నోటీసు వెళ్లింది. ప్రభుత్వోద్యోగి అయి ఉండీ జాకెట్లు కుట్టు వ్యాపారం ఏల నడుపుచున్నారనీ, తమ కార్మికురాలికి వారపు సెలవు ఏల ఇచ్చుట లేదనీ అందులో అడిగారు. అయిదో రోజు, శనివారం, మందాకిని వచ్చి ఆయన గదిలో కుర్చీలు లెక్కపెట్టింది. ఆరున్నాయి, కార్మికురాలి షాపులో ఒకటి ఉంది. ఆ తేడాను ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది.

ఆయన హైమావతికి కబురు పెట్టారు. ఈసారి కూర్చోమని కుర్చీ కూడా చూపించారు.

"చూడమ్మా, పేరు సవరించాలంటే ఉభయుల సమ్మతి ఉండాలి. నేను పెట్టేశాను. నువ్వు కూడా ఒక సంతకం పెడితే ఈ పీడ విరగడవుతుంది."

"పెట్టకేం సార్. కానీ ఇప్పుడు డ్యూటీ టైము. పని మానుకుని కాగితాలు చదివితే యజమానికి నష్టంగదా," అంది హైమావతి. "నాకు సెలవిస్తే ఆ రోజు తీరిగ్గా వచ్చి పెడతా."

అర్జీ రాసి తెచ్చుకుంది. ప్రతి ఆదివారం సెలవు, జ్వరం వస్తే సెలవు, ఇంట్లో కష్టమొస్తే పదకొండు రోజులు సెలవు. మందాకిని పక్కనే నిలబడి ఉంది. త్రివిక్రమరావుగారు కలం మూత తీసి, 'మంజూరు చేయడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

ఆ ఆదివారం హైమావతి మాట ప్రకారం కేంద్రానికి వెళ్లింది. ఆదివారం కాబట్టి తలుపులకు తాళం వేసి ఉంది. అక్కడే మెట్ల మీద కాసేపు కూర్చుని, ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంది. మధ్యాహ్నం పూట పడుకుని ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

మూడింటికి ఎవరో తలుపు తట్టారు. బజారు వీధి రత్తమ్మగారు, చేతిలో పట్టుచీరల సంచీతో నిలబడి ఉంది.

"షాపు మూసుందేందే హైమా? బుధవారం పెళ్లి. ఈ పూట కూర్చుంటే గానీ కావు. నామాట కాదనవుగా?"

ఇట్లాంటి సంచీని పదిహేడేళ్లలో ఆమె ఒక్కసారి కూడా తిరిగి పంపలేదు. వద్దని చెప్పాలని ఎన్నిసార్లు నోటి చివరిదాకా వచ్చినా, తన పేరు మీద ఆ మాట అనలేకపోయింది. ఇప్పుడు సంచీ వైపు చూసింది, రత్తమ్మగారి వైపు చూసింది, జుట్టు ముడి వేసుకుంది.

"నాదేముందండీ, కుట్టాలనే ఉంది," అంది హైమావతి. "మా యజమాని ఒప్పుకోడు."